తెరుచుకోని తలుపు: హ్యూ డిహేవెన్ జీవితగాథ

వేసవి వచ్చిందంటే కృష్ణగిరి, కావేరిపట్నం పరిసరాల మామిడి మండీలలో పెట్టెలు కట్టే పని ముమ్మరమవుతుంది. అడుగున గడ్డి పరచి, కాయకూ కాయకూ నడుమ సందు లేకుండా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి, మూత బిగించి తాడు కట్టిన తరువాతనే పెట్టె లారీ ఎక్కుతుంది. దారిలో కుదుపులకు పెట్టె కాస్త నొక్కుకున్నా లోపలి కాయ దక్కుతుంది. మూత ఊడిపోయిందా, సరుకంతా రోడ్డుపాలే. ఈ సంగతి తెలియని కూలీ మండీలో ఉండడు.

మనిషిని మోసుకుపోయే కారుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుందని శాస్త్రీయంగా నిరూపించడానికి మాత్రం, కారు పుట్టిన తరువాత అరవై ఏళ్లకు పైగా పట్టింది. నిరూపించిన వ్యక్తి వైద్యుడు కాదు, పట్టా పొందిన ఇంజనీరూ కాదు. యవ్వనంలో మృత్యుముఖం వరకు వెళ్లి తిరిగివచ్చి, తాను ఎందుకు బ్రతికానన్న ఒక్క ప్రశ్నను జీవితాంతం వదలని అమెరికన్ పరిశోధకుడు. ఆయన పేరు హ్యూ డిహేవెన్. ప్రమాద వేళ కారు తలుపు తెరుచుకోకుండా పట్టి ఉంచే గడియకు నేడు ఇంత ప్రాధాన్యం ఉన్నదంటే, దానికి మూలం ఆయన కృషే.

ఆకాశంలో ఢీ

హ్యూ డిహేవెన్ 1895 మార్చి 15న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో సంపన్న కుటుంబంలో జన్మించారు. కార్నెల్, కొలంబియా విశ్వవిద్యాలయాలలో కొంతకాలం చదివారు. మొదటి ప్రపంచయుద్ధం ఆయన చదువును దారి మళ్లించింది. విమాన చోదకుడు కావాలన్న కోరికతో సైన్యంలో చేరబోగా స్వదేశంలో అవకాశం లభించలేదు. దానితో కెనడాలో శిక్షణ ఇస్తున్న రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరారు.

1917లో శిక్షణ సాగుతుండగా ఆయన విమానం ఆకాశంలో మరొక విమానాన్ని ఢీకొని నేలకూలింది. రెండు కాళ్లు విరిగాయి. కాలేయం, క్లోమం, పిత్తాశయం చిట్లాయి. అటువంటి గాయాలతో మనిషి దక్కడం ఆ రోజుల్లో అరుదు. డిహేవెన్ దక్కారు. అది దైవానుగ్రహమని, అదృష్టమని చుట్టూ ఉన్నవారు తేల్చివేశారు.

ఆసుపత్రి మంచం మీద పడుకున్న ఆ యువకుడికి ఆ సమాధానం రుచించలేదు. కడుపులోని అవయవాలకు తగిలిన గాయాలు ఎక్కడ మొదలయ్యాయో ఆలోచించారు. తన నడుముకు కట్టుకున్న బెల్టుకు ఉన్న మొనదేరిన పెద్ద బకిల్ సరిగ్గా అక్కడే ఆనుకొని ఉండేది. అంటే గాయపరచింది నేల కాదు, బకిల్. మరి ప్రాణాన్ని నిలిపింది ఏది? తాను కూర్చున్న భాగం పూర్తిగా నలగకుండా మిగలడం. గాయానికి ఒక కారణం, ప్రాణం దక్కడానికి మరొక కారణం, రెండూ కంటికి కనబడేవే. తలరాత అన్న మాటతో సరిపెట్టుకోనవసరం లేదని ఆయనకు తోచింది.

వంటింటి ప్రయోగశాల

ఈ ఆలోచన వెంటనే పరిశోధనగా మారలేదు. యుద్ధం ముగిశాక డిహేవెన్ యంత్రాల రూపకల్పనవైపు వెళ్లారు. వార్తాపత్రికల కట్టలను తనంతట తానే కట్టే యంత్రం వంటి ఆవిష్కరణలు ఆయనకు ధనం సంపాదించి పెట్టాయి. నలభై ఏళ్లు నిండకముందే, 1933లో, సంపాదన పనులనుంచి విశ్రాంతి తీసుకోగలిగిన స్థితికి చేరుకున్నారు.

ఆ తరువాత కొద్దికాలానికే ఒక కారు ప్రమాదం ఆయన పాత ప్రశ్నను మళ్లీ లేపింది. ఢీ పెద్దది కాకపోయినా, కారు ముందుభాగంలో పొడుచుకువచ్చిన ఒక మీట మనిషి తలను చీల్చింది. బకిల్ కథే మళ్లీ ఎదురైంది. ప్రమాదం జరగడం ఒక విషయం, ప్రమాదంలో గాయపడడం మరొక విషయం. రెండింటినీ విడదీసి చూడాలని డిహేవెన్ గ్రహించారు. అప్పటిదాకా రోడ్డు భద్రత అంటే డ్రైవరు జాగ్రత్త, పోలీసుల హెచ్చరిక, మంచి రోడ్డు, ఇంతే. ఢీ జరిగిపోయిన తరువాత ఆ సెకనులో పదోవంతు కాలంలో కారు లోపల ఏమి జరుగుతున్నదో పట్టించుకున్నవారు అరుదు.

ఆయన ప్రయోగాలు వంటింటిలో కోడిగుడ్లతో మొదలయ్యాయి. నురుగు రబ్బరు పరచి, దానిమీద గుడ్లను ఎత్తునుంచి జారవిడిచేవారు. గట్టి నేలమీద చిట్లే గుడ్డు, కొద్ది అంగుళాల మెత్తటి పొర ఉంటే పగలకుండా నిలిచేది. వేగం ఒకేసారి ఆగిపోతే నాశనం, కొద్ది దూరం సాగి ఆగితే రక్షణ అన్న సత్యం అక్కడ కళ్లకు కట్టింది.

పిమ్మట మనుషుల సంగతి. ఎత్తయిన భవనాల నుంచి పడి కూడా బ్రతికినవారి ఉదంతాలను ఆయన సేకరించారు. ఎంత ఎత్తునుంచి పడ్డారు, దేనిమీద పడ్డారు, ఆ వస్తువు ఎన్ని అంగుళాలు నొక్కుకుపోయింది, గాయాలేమిటి అని లెక్కగట్టారు. 50 నుంచి 150 అడుగుల ఎత్తునుంచి పడి ప్రాణాలతో మిగిలిన ఎనిమిది ఉదంతాలను విశ్లేషించి 1942లో వార్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో ప్రకటించారు. బలం శరీరానికి అడ్డంగా, విశాలంగా పరచుకొని తగిలితే, అతి స్వల్పకాలం పాటు గురుత్వాకర్షణకు సుమారు 200 రెట్లు బలాన్ని కూడా మానవదేహం తట్టుకోగలదని ఆ వ్యాసం చూపింది. మనిషి దేహం అనుకున్నంత పెళుసు కాదు. దాని చుట్టూ ఉన్న ఏర్పాటే లోపభూయిష్టం.

కార్నెల్‌లో కొత్త శాస్త్రం

పట్టా లేని వ్యక్తి మాటలను వైద్యలోకం తొలుత పెద్దగా లెక్కచేయలేదు. కార్నెల్ వైద్య కళాశాలలో శరీరధర్మ శాస్త్రవేత్త అయిన యూజీన్ డుబాయిస్ మాత్రం ఆ ఆలోచనలోని బలాన్ని గుర్తించారు. ఆయన అండతో 1942లో న్యూయార్కులోని ఆ కళాశాలలో ప్రమాద గాయాల పరిశోధన విభాగం ఏర్పడింది. డిహేవెన్ దానికి నాయకత్వం వహించారు.

రెండవ ప్రపంచయుద్ధ కాలం కనుక తొలి దృష్టి చిన్న విమానాలమీద నిలిచింది. కూలిన విమానం ఎందుకు కూలిందన్నది కాక, లోపలివారు దేనికి తగిలి గాయపడ్డారన్నదే ఆయన ప్రశ్న. అన్ని ప్రమాదాలకూ ఒకే నమూనా పత్రం, ఒకే రీతి కొలతలు, ఫోటోలు, వైద్య నివేదికలు ఉండాలని పట్టుబట్టారు. ఒక్క ప్రమాదం కథ మాత్రమే అవుతుంది. వందల ప్రమాదాలను ఒకే తీరున నమోదు చేస్తే శాస్త్రం అవుతుంది.

యుద్ధానంతరం అమెరికా రోడ్లమీద కార్లు పోటెత్తాయి, మరణాలూ పెరిగాయి. అదే కాలంలో ఇండియానా రాష్ట్ర పోలీసు శాఖకు చెందిన సార్జెంట్ ఎల్మర్ పాల్ తన పరిధిలోని ప్రాణాంతక ప్రమాదాలను శ్రద్ధగా పరిశీలించసాగారు. పోలీసు చేతిలోని రోడ్డు సాక్ష్యమూ, కార్నెల్ చేతిలోని విశ్లేషణా కలిశాయి. 1950ల తొలి సంవత్సరాలలో కార్ల ప్రమాదాలకే ప్రత్యేక విభాగం రూపొందింది. క్రమంగా పలు రాష్ట్రాల పోలీసులు, వైద్యులు నమూనా పత్రాలు నింపి పంపసాగారు.

పెట్టె నేర్పిన నాలుగు పాఠాలు

1952లో ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి సమర్పించిన పత్రంలో డిహేవెన్ తన సిద్ధాంతాన్ని సరుకులు కట్టే విద్యతో పోల్చి వివరించారు. మంచి పెట్టెకు నాలుగు లక్షణాలుండాలి. మొదటిది, అది దారిలో తెరుచుకొని లోపలి సరుకును బయట పారబోయకూడదు, మామూలుగా ఎదురయ్యే దెబ్బలకు కూలిపోకూడదు. రెండవది, సరుకును కాపాడే భాగాలు పెళుసుగా ఉండక, వంగి దెబ్బను మింగేవిగా ఉండాలి. మూడవది, లోపలి వస్తువు కదిలి గోడలకు కొట్టుకోకుండా ఒకచోట నిలిపి ఉంచాలి. నాలుగవది, అలా నిలిపే కట్టు ఆ వస్తువులోని బలమైన భాగాన్నే పట్టుకోవాలి.

నేటి కారులోని రక్షణ ఏర్పాట్లు చాలావరకు ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి. నలిగి బలాన్ని మింగే ముందుభాగం రెండవది. సీటు బెల్టు మూడవది. ఆ బెల్టు కడుపును కాక కటి ఎముకను, భుజాన్ని, ఛాతీని పట్టుకోవడం నాలుగవది. వీటన్నిటికంటే ముందు నిలిచేది తెరుచుకోని తలుపు.

తలుపు ఎందుకు తెరుచుకునేది?

ఆ కాలపు కార్లలో గడియ తలుపును బయటి వైపు తెరుచుకోకుండా పట్టేది. ముందు వెనుకలకు సాగే లాగుడును మాత్రం ఆపలేకపోయేది. ఇంటి తలుపుతో పోల్చుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది. గడియ నాలుక ద్వారబంధంలోని రంధ్రంలోకి దూరి ఉంటుంది. గోడ కుంగి ద్వారబంధం పక్కకు ఒరిగితే, తాళం వేసి ఉన్నా నాలుక రంధ్రంలోనుంచి జారిపోతుంది. కారు పక్కభాగానికి మరొక వాహనం గుద్దుకున్నప్పుడు జరిగేదీ అదే. తలుపు పక్కనున్న నిలువు స్తంభం వంగుతుంది, చట్రం మెలితిరుగుతుంది, తలుపుకూ స్తంభానికీ నడుమ సందు పెరుగుతుంది. గడియ విరగకుండానే తలుపు తెరుచుకుంటుంది. బెల్టు లేని ఆ రోజుల్లో లోపలివారు రోడ్డుమీదికి విసిరివేయబడేవారు.

ఇందులో ప్రజల విశ్వాసం కూడా ఒక ఆటంకంగా నిలిచింది. ప్రమాదంలో కారు లోనుంచి ఎగిరి దూరంగా పడినవాడే అదృష్టవంతుడని అమెరికాలో చాలామంది నమ్మేవారు. తెలుగులోనూ ప్రాణం దక్కినవాడిని బయటపడ్డాడు అనే అంటారు. కార్నెల్ లెక్కలు ఈ భ్రమను తుడిచిపెట్టాయి. బయటికి విసిరివేయబడిన వారికి మరణాపాయం, లోపలే ఉండిపోయిన వారికంటే సుమారు ఐదు రెట్లు అని తేలింది. రోడ్డుకు తల తగలడం, స్తంభాలకు కొట్టుకోవడం, తమ కారే తమమీద దొర్లడం ఇందుకు కారణాలు. లోపల ఉన్నవాడే నిజంగా బయటపడతాడన్నది డిహేవెన్ బృందం లోకానికి చెప్పిన సత్యం.

కర్మాగారాలు కదిలాయి

లెక్కలు ముందున్నప్పుడు కాదనడం కంపెనీలకు కష్టమైంది. 1956 నమూనాలు వచ్చేనాటికి అమెరికా కార్లలో కొత్త గడియలు అమరాయి. గడియ నాలుక, స్తంభం మీది స్ట్రైకర్ ఒకదానినొకటి కొక్కెంలా పెనవేసుకునే విధంగా వాటిని మలిచారు. తలుపు, స్తంభం ఎదురెదురు దిక్కులకు లాగినా పట్టు సడలదు. ఫోర్డ్ కంపెనీ అదే ఏడాది లైఫ్‌గార్డ్ పేరిట తెచ్చిన ఏర్పాట్లలో ఈ గడియ, లోతైన స్టీరింగు చక్రం అన్ని కార్లకూ ఇచ్చింది. సీటు బెల్టు, మెత్తటి డాష్‌బోర్డు కోరుకున్నవారికి అదనపు ధరకు దొరికేవి. ఫోర్డ్, క్రైస్లర్ కంపెనీలు కార్నెల్ పరిశోధనకు ధనసహాయమూ చేశాయి.

కొత్త గడియలున్న కార్ల ప్రమాదాలను అదే విభాగం తరువాతి సంవత్సరాలలో పరిశీలించగా, తలుపులు తెరుచుకోవడమూ, మనుషులు విసిరివేయబడడమూ తగ్గినట్లు స్పష్టమైంది. పూర్తిగా ఆగిపోలేదు. కిటికీ గుండా పడేవారు పడుతూనే ఉన్నారు. అందుకే తలుపుకు తోడు బెల్టు తప్పనిసరి అని ఆ పరిశోధన బోధించింది.

డిహేవెన్ ఆ దిశలోనూ కృషి చేశారు. రోజర్ గ్రిస్వోల్డ్‌తో కలిసి నడుమును, భుజాన్ని రెంటినీ పట్టే బెల్టుకు 1951లో దరఖాస్తు చేయగా, 1955లో పేటెంటు లభించింది. 1959లో స్వీడన్‌కు చెందిన వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల బెల్టు దానికంటే సులువైనది, ప్రపంచమంతటా వ్యాపించింది. అదే ఏడాది జర్మనీలో మెర్సిడెస్ కారుకు బేలా బారెన్యి రూపకల్పన చేసిన గడియ అమరింది. ఢీలో తెరుచుకోకూడదు, ఢీ తరువాత బిగుసుకుపోకూడదు అన్న రెండు ధర్మాలనూ అది నెరవేర్చడానికి యత్నించింది.

చట్టమైన పరిశోధన

1950ల మధ్యకాలం నుంచి విభాగం బాధ్యతలు జాన్ మూర్ వంటి తరువాతి తరంవారి చేతుల్లోకి వెళ్లాయి. డిహేవెన్ నాటిన విత్తనం మాత్రం పెరుగుతూ పోయింది. 1966లో అమెరికా మోటారు వాహనాల భద్రతా చట్టాన్ని తెచ్చింది. దానికింద 1968 జనవరి 1 నుంచి అమలైన తొలి ప్రమాణాలలో 206వ సంఖ్య గలది తలుపు గడియలకు, కీళ్లకు సంబంధించినదే. 1973 నుంచి అక్కడి కార్ల తలుపులకు పక్కనుంచి వచ్చే ఒత్తిడిని తట్టుకునే బలం కూడా తప్పనిసరి కావడంతో, తలుపు లోపల ఉక్కు దూలం అమర్చడం ఆనవాయితీ అయింది.

ఈ పరిణామాలను కళ్లారా చూసి, హ్యూ డిహేవెన్ 1980 ఫిబ్రవరి 13న, ఎనభై ఐదవ ఏడు నిండవచ్చే వేళ కన్నుమూశారు. ప్రమాదంలో ప్రాణరక్షణ అనే శాస్త్రానికి పితామహుడిగా ఇంజనీర్లు, వైద్యులు ఆయనను స్మరిస్తారు.

ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ప్రపంచ దేశాలు వాహనాలకు ఉమ్మడి సాంకేతిక నిబంధనలు రాసుకోవాలని నిర్ణయించినప్పుడు, 2004 నవంబరులో ఆమోదం పొందిన మొట్టమొదటి నిబంధన తలుపు గడియలదే కావడం ఆయన దూరదృష్టికి నిదర్శనం. పూర్తిగా పడిన గడియ ఒక దిశలో 11,000 న్యూటన్ల లాగుడును, అంటే సుమారు 1,100 కిలోల బరువు వేలాడినంత బలాన్ని, మరొక దిశలో 9,000 న్యూటన్లను తట్టుకోవాలి. సగం మాత్రమే పడిన స్థితిలో 4,500 న్యూటన్లు తట్టుకుంటే చాలు. గురుత్వానికి 30 రెట్ల కుదుపు వచ్చినా గడియ తనంతట తాను విడిపోకూడదు.

ఈ చివరి షరతుకు ఒక కారణముంది. పక్కనుంచి దెబ్బ తగిలినప్పుడు తలుపు ఒక్కసారిగా లోపలికి నెట్టుకుపోతుంది. బయటి పిడి మాత్రం జడత్వం వల్ల ఉన్నచోటనే ఉండబోతుంది. అంటే ఎవరో పిడిని బయటికి లాగినట్లే అవుతుంది. దానిని ఆపడానికి పిడి వెనుక ఎదురుబరువు గానీ, బలమైన స్ప్రింగు గానీ అమరుస్తారు. ఇంత చిన్న లోహపు ముక్క వెనుక ఇంత లెక్క ఉన్నది.

హోసూరు రహదారికి ఆయన పాఠం

బెంగళూరు నుంచి అత్తిబెలె దాటి హోసూరు, శూలగిరి మీదుగా కృష్ణగిరికి వచ్చే 44వ జాతీయ రహదారి పూర్వం 7వ సంఖ్యతో పిలువబడేది. కృష్ణగిరి వద్ద చెన్నై, సేలం, తిరువణ్ణామలై, కుప్పం దారులు కలుస్తాయి. దారులు కలిసే చోట వాహనాలు ఒకదాని పక్కభాగానికి ఒకటి తగిలే అపాయం ఎక్కువ. పక్కనుంచి తగిలే దెబ్బకు మనిషికీ లోహానికీ నడుమ ఉండేది జానెడు మందం తలుపు మాత్రమే. అశోక్ లేలాండ్ కర్మాగారం, టీవీఎస్ మోపెడ్ రెండూ 1980లోనే వచ్చిన హోసూరులో వాహనాల విడిభాగాలు చేసే చేతులకు కొదవ లేదు. ఒక చిన్న భాగంలో కొలత తప్పితే ఏమవుతుందో అక్కడి కార్మికులకు వేరే చెప్పనక్కరలేదు.

భారతదేశంలో పక్కఢీ పరీక్ష 2017 అక్టోబరు నుంచి కొత్త నమూనాల కార్లకు, 2019 అక్టోబరు నుంచి అప్పటికే తయారవుతున్న నమూనాలకు కూడా తప్పనిసరి అయింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో 950 కిలోల బండిని కారు పక్కకు ఢీకొట్టిస్తారు. ఆ సమయంలో ఏ తలుపూ తెరుచుకోరాదు. ఢీ ముగిశాక లోపలివారిని వెలికితీయడానికి తలుపులు పనిముట్లు లేకుండా తెరుచుకోవాలి. 2023 అక్టోబరులో ఆరంభమైన భారత్ ఎన్‌క్యాప్ కార్లకు భద్రతా తారలు ఇస్తున్నది.

చట్టం కర్మాగారం ద్వారం వరకే కాపలా కాయగలదు. ఆపైన బాధ్యత వాహనం వాడేవారిది. కారు తలుపు గడియకు రెండు మెట్లుంటాయి. మొదటి మెట్టులో తలుపు మూసినట్లే కనిపిస్తుంది, పట్టు మాత్రం సగానికి తగ్గుతుంది. రెండవ మెట్టు పడిన శబ్దం విని బయలుదేరడం క్షణం పని. కీలు వదులైన తలుపును, తుప్పు పట్టిన స్ట్రైకర్‌ను, తాడుతో కట్టి నెట్టుకొచ్చే పాత వ్యాను తలుపును బాగుచేయించడం ఖర్చు కాదు, ప్రాణానికి పెట్టిన పెట్టుబడి. వెనుక సీటులో పిల్లలున్నప్పుడు లోపలినుంచి తెరుచుకోకుండా చేసే మీట వేయడం, వెనుకవారు కూడా బెల్టు పెట్టుకోవడం ఆ వరుసలోనివే.

తన కడుపులో గుచ్చుకున్న ఒక బకిల్ నుంచి హ్యూ డిహేవెన్ నేర్చుకున్న పాఠం లోకానికంతటికీ ఉపయోగపడింది. ప్రమాదం జరిగినా ప్రాణం పోనవసరం లేదని, దానిని విధికి వదలక ముందుగానే ఏర్పాటు చేసుకోవచ్చని ఆయన జీవితం తెలుపుతుంది. మామిడిపెట్టె మూతను రెండుసార్లు లాగి చూసి లారీ ఎక్కించే చేయి, కారు ఎక్కినప్పుడు తలుపును కూడా ఒకసారి లాగి చూస్తే, ఆ మహనీయుని శ్రమ ఫలించినట్లే.